రెండు బ్యాట్లు చేతిలో పెట్టుకుని ఏది మనదో తేల్చుకోవడం ఎలా

కాకినాడలో మా బ్యాడ్మింటన్ క్లబ్ వాళ్ల బ్యాట్లకు గట్టింగ్ వేసేది, అంటే తీగలు అల్లేది నేనే. మెషీన్ ఇంట్లోనే ఉంది, సాయంత్రం పూట ఆ పని చేస్తాను. చేతిలోకి రకరకాల రాకెట్లు వస్తుంటాయి. వాటి వెంటే ఎప్పుడూ ఒకే ప్రశ్న: ‘ఆస్ట్రాక్స్ తీసుకోమంటారా, నానోఫ్లేర్ తీసుకోమంటారా?’ రెండూ యోనెక్స్ కంపెనీ రాకెట్ల రకాలే. ఏది కొనాలో నేను చెప్పను. రెండూ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి, ఎలా పోల్చి చూడాలో చెప్తాను అంటాను. ఆ చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

స్మాష్, అంటే పైనుంచి బలంగా కిందికి కొట్టే దెబ్బ, చూసి బ్యాట్ కొనకండి. కాక్ (షటిల్) ఎత్తుగా, తీరిగ్గా దిగుతుంటే, దాని కింద కుదురుగా నిలబడి కొడితే దాదాపు ఏ బ్యాట్‌తోనైనా స్మాష్ పడుతుంది. ఒక అడుగు ఆలస్యంగా చేరినప్పుడు, కాక్ నేరుగా ఒంటి మీదికి వచ్చినప్పుడు, మూడో గేమ్‌లో భుజం లాగుతున్నప్పుడు ఆ బ్యాట్ మీ షాట్‌ని ఎక్కడ దించుతోందో అదే అసలు పరీక్ష. కింద చెప్పేవన్నీ ఆ పరీక్ష సరిగ్గా జరగడం కోసమే.

ముందు బరువు. యోనెక్స్ లెక్కలో 3యూ అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యూ అంటే 80 నుంచి 84, 5యూ అంటే 75 నుంచి 79. అంకె పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది. హ్యాండిల్ మందానికి, అంటే గ్రిప్‌కీ అదే లెక్క: జీ4 కంటే జీ5 సన్నం, జీ6 ఇంకా సన్నం. అంటే 4యూ అని రాసున్న రెండు బ్యాట్ల మధ్యే నాలుగు గ్రాముల తేడా ఉండొచ్చు. కాబట్టి రాసిన అక్షరాన్ని వదిలేసి, వంటింట్లో వాడే డిజిటల్ కాటా మీద ఆ బ్యాట్‌నే పెట్టి చూడండి. గట్టింగ్, ఓవర్‌గ్రిప్ (హ్యాండిల్ గ్రిప్ మీద చుట్టే అదనపు పట్టీ) కలిపి ఆడటానికి సిద్ధంగా ఉన్న 4యూ బ్యాట్ తొంభై గ్రాములు దాటి తూగుతుంది.

తర్వాత బ్యాలెన్స్. హ్యాండిల్‌కీ తలకీ మధ్య ఉండే సన్నటి కడ్డీని, అంటే షాఫ్ట్‌ని, చూపుడు వేలి మీద అడ్డంగా పెట్టి, ఎటూ వాలకుండా నిలిచిన చోట పెన్నుతో చిన్న గీత పెట్టండి. హ్యాండిల్ అడుగు నుంచి ఆ గీత దాకా టేపుతో కొలవండి. 300 మిల్లీమీటర్లు, ఆపైన వస్తే తల బరువు బ్యాట్, హెడ్ హెవీ అన్నమాట. 285కి లోపు వస్తే హెడ్ లైట్. మధ్యలో ఉన్నవి ఈవెన్. ఇవి గీత గీసినట్టుండే హద్దులు కావు, అటూఇటూగా చూసుకోవాలి. చాలామందికి పట్టని విషయం ఒకటుంది. ఒక ఓవర్‌గ్రిప్ దాదాపు ఐదు గ్రాములుంటుంది, అదంతా హ్యాండిల్ దగ్గరే చేరుతుంది కాబట్టి బ్యాలెన్స్ దగ్గర దగ్గర ఒక సెంటీమీటరు చేతి వైపు జరిగిపోతుంది. గట్టింగ్ బరువు తల దగ్గర పడి దాన్ని అంతే దూరం పైకి లాగుతుంది. హెడ్ హెవీ కావాలని ఏరి కోరి కొని, ఉన్న గ్రిప్ మీద రెండు ఓవర్‌గ్రిప్‌లు చుట్టి, ‘ఇందులో పవర్ లేదండీ’ అనేవాళ్ల బ్యాట్లు నా దగ్గరికి తరచూ వస్తాయి. వాళ్లు ఆడుతున్నది ఈవెన్ బ్యాట్‌తో. పాత గ్రిప్ ఊడదీసి ఒక్క పొర చుట్టి ఇస్తే మళ్లీ తల బరువు తెలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, గట్టింగ్. రెండు బ్యాట్లకి ఒకే స్ట్రింగ్, ఒకే టెన్షన్ (తీగ బిగువు), ఒకే రోజు వేయించకుండా పోల్చితే మీరు పోలుస్తున్నది రాకెట్లను కాదు, తీగలను. యోనెక్స్ తీగల్లో బీజీ65 మందం 0.70 మిల్లీమీటర్లు, బీజీ66 అల్టిమాక్స్ 0.65. సన్నటి తీగ ‘ఠప్’మని మోగుతుంది, కాక్ చురుగ్గా ఎగిరిపోతుంది. ఆ చప్పుడుకే సగం మంది బ్యాట్ మీద మనసు పారేసుకుంటారు. కొత్త బ్యాట్‌తో వచ్చే ఫ్యాక్టరీ గట్టింగ్ అయితే తరచూ వదులుగా ఉంటుంది, దాన్ని పట్టుకుని బ్యాట్ మీద తీర్పు చెప్పడం అన్యాయం. పోలిక కోసం నేను రెండిటికీ బీజీ65 వేసి 24 పౌండ్లు లాగుతాను. క్లబ్ ఆటకి అది సరిపోతుంది, తీగ ఖరీదూ తక్కువే. వేసిన రోజే తీర్పు చెప్పకండి. మొదటి కొన్ని గేముల్లో టెన్షన్ కాస్త దిగి కుదురుకుంటుంది, అప్పుడు మొదలుపెట్టండి. అరువు తెచ్చిన బ్యాట్‌కి గట్టింగ్ మార్చలేకపోతే కనీసం రెండిటి తీగల మీదా గోటితో మీటి వినండి. ఒకే రకం తీగ అయితే స్వరం ఎత్తుగా పలికేది బిగువుగా ఉన్నట్టు.

కాక్‌ల సంగతి కూడా చూసుకోవాలి. ఒకే ట్యూబులోవి వాడండి, ఈక విరిగినదాన్ని పక్కన పడేయండి. వేడిగాలి పలచగా ఉంటుంది, అందులో కాక్ దూరం పోతుంది. మే నెల మధ్యాహ్నం ఒక బ్యాట్‌తో, మర్నాడు తెల్లవారుజామున ఇంకో బ్యాట్‌తో ఆడి పోల్చితే తేడా వాతావరణానిది అవుతుంది. ఒకే పూట, ఒకే కోర్టు, ఒకే పార్టనర్.

ఒక బ్యాట్‌తో గంట ఆడి, ఆ తర్వాత రెండోది పట్టుకుంటే ఒళ్లు అప్పటికే వేడెక్కి ఉంటుంది, లేదా అలసిపోయి ఉంటుంది. అందుకని ఒక్కో షాట్‌కీ బ్యాట్లు మార్చండి. పది కాక్‌లు దీనితో, పది దానితో, మళ్లీ దీనితో. మీరు రోజూ ఆడే పాత బ్యాట్ కూడా వరసలో ఉండాలి. కొత్తదాని గుణం పాతదాని పక్కన పెడితేనే తెలుస్తుంది.

మొదట క్లియర్, అంటే కాక్‌ని ఎత్తుగా అవతలి వెనక గీత దాకా పంపే షాట్. డబుల్స్ సర్వీసు గీతకీ వెనక గీతకీ మధ్య 76 సెంటీమీటర్ల పట్టీ ఉంటుంది కదా, అదే మీ కొలబద్ద. వెనక గీత దగ్గర నిలబడి, బలమంతా పెట్టకుండా మామూలు ఊపుతో అవతలి పట్టీలోకి క్లియర్లు కొట్టండి. ఎన్ని అందులో పడ్డాయో పార్టనర్‌ని చెప్పమనండి. ఇక్కడే షాఫ్ట్ గట్టితనం బయటపడుతుంది. గట్టి షాఫ్ట్, అదే స్టిఫ్, వేగంగా విసిరే మణికట్టుకి కచ్చితంగా జవాబు చెప్తుంది. నెమ్మదిగా ఊపేవాళ్లకి అది వంగదు, సాయం చేయదు, కాక్ మధ్యలోనే పడిపోతుంది. మీడియం షాఫ్ట్ నెమ్మది ఊపుకి కూడా కొంచెం తోపు ఇస్తుంది. తర్వాత బ్యాక్‌హ్యాండ్ క్లియర్. స్టిఫ్ బ్యాట్ తమకి పనికొస్తుందో లేదో చాలామందికి ఈ ఒక్క షాట్‌లోనే తేలిపోతుంది.

ఆ తర్వాత డ్రైవ్‌లు. నెట్‌కి రెండు వైపులా నిలబడి, ఇద్దరూ ఛాతీ ఎత్తులో వేగంగా కొట్టుకోండి. మొదటి దెబ్బ ఎవరైనా కొడతారు. మూడోది, నాలుగోది చూడండి. కొట్టిన బ్యాట్ మళ్లీ ముందుకి వచ్చి సిద్ధమయ్యే లోపే కాక్ తిరిగొస్తుంటే, ఆ తల బరువు మీ చేతికి ఎక్కువ. ఇది బాగా తెలిసే చోటు ఇంకొకటుంది. పార్టనర్‌ని మీ కుడి తుంటి మీదికి స్మాష్ కొట్టమనండి, ఎడమచేతి వాటమైతే ఎడమ తుంటి. మోచెయ్యి పక్కకి జరిపి, బ్యాట్‌ని ఒంటి ముందుకి తిప్పి ఆపాల్సిన ఆ ఇరుకులో, హెడ్ హెవీ బ్యాట్ ఆలస్యంగా వస్తుంది. కాక్ ఫ్రేముకి తగిలి ‘టక్’మంటుంది. హెడ్ లైట్ అయితే అదే కాక్ తీగల మధ్యలో పడి నెట్ దాటుతుంది. డబుల్స్ ఆడేవాళ్లు ఈ పరీక్ష మీదే ఎక్కువ సేపు ఉండాలని నా గట్టి అభిప్రాయం. క్లబ్ డబుల్స్‌లో పాయింట్లు ఎక్కువగా పోయేది ఇక్కడే.

డ్రాప్‌లు (వెనక నుంచి కాక్‌ని నెట్ దగ్గరికి మెల్లగా దించేవి), నెట్ షాట్లు కొన్ని చాలు. స్మాష్ ఆఖర్న పెట్టండి. ఎలా ఉందో మీరు చెప్పకండి, అవతల నిలబడి తీసుకునే మనిషిని అడగండి. కొట్టేవాడికి వినపడేది చప్పుడు, తీసుకునేవాడికి తెలిసేది బరువు, కోణం.

ఇలా పోల్చినప్పుడు నా చేతికి ఎలా అనిపించిందో చెప్తాను. ఆస్ట్రాక్స్ 88డి హెడ్ హెవీ, స్టిఫ్. వెనక కోర్టు నుంచి పూర్తి ఊపుతో కొడితే కాక్ బరువుగా, నిటారుగా దిగుతుంది, ఆ తృప్తి వేరు. కానీ డ్రైవ్‌ల దగ్గర మూడో దెబ్బకి వెనకబడ్డాను. నానోఫ్లేర్ 700 హెడ్ లైట్, షాఫ్ట్ మీడియం. నెట్ ముందు నిలబడి కాక్‌ని మధ్యలోనే అందుకోవడానికి దాన్ని మించింది నేను పట్టుకోలేదు. స్మాష్‌లో మాత్రం అవతలివాడు తేలిగ్గా ఎత్తేశాడు. ఆర్క్‌సేబర్ 11 ప్రో ఈవెన్. కాక్ తీగల మీద ఒక క్షణం ఆగి, దిశ తీసుకుని వెళ్లినట్టుంటుంది, డ్రాప్ అనుకున్న చోటే పడుతుంది. ఎందులోనూ కొట్టొచ్చినట్టు కనపడదు, దేనిలోనూ వెనక పడదు. డబుల్స్‌లో ఎక్కువగా ముందు ఆడే నాకు నానోఫ్లేర్ కుదిరింది. వెనక ఆడే నా పార్టనర్ 88డినే ఉంచుకున్నాడు, అతనికి అదే సరి.

హెడ్ లైట్ అంటే పవర్ లేదని తేల్చేసేవాళ్లకి మా జిల్లాల వైపు కుర్రాడి సంగతి చెప్పాలి. అమలాపురం సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో గంటకి 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించాడు. చేతిలో ఉన్నది నానోఫ్లేర్ 1000జెడ్, హెడ్ లైట్ బ్యాటే. తల తేలికైతే అంత వేగంగా ఊపొచ్చు, ఆ వేగమే కాక్‌కి అందుతుంది. కాకపోతే దాని షాఫ్ట్ ఎక్స్‌ట్రా స్టిఫ్. సాత్విక్ ఎత్తు, ఆ భుజం, ఆ ఊపు ఉన్నవాళ్లకి అది పలుకుతుంది. క్లబ్‌లో ఆడేవాళ్లం ఆ పేరు చూసి కొంటే క్లియర్ మధ్య కోర్టులో పడుతుంది. ఛాంపియన్ బ్యాట్ చూసి మనం నేర్చుకోవాల్సింది ఒక్కటే: బ్యాలెన్స్, షాఫ్ట్, ఊపు వేగం, మూడూ కలిపి చూడాలి.

కొత్త బ్యాట్ దొరకకపోయినా మీ చెయ్యి ఎటు మొగ్గుతుందో కనుక్కునే దారి ఒకటుంది. ఉన్న బ్యాట్ ఫ్రేము పైభాగాన రెండు గ్రాముల ఇన్సులేషన్ టేపు చుట్టండి. బ్యాలెన్స్ ఏడెనిమిది మిల్లీమీటర్లు పైకి వెళుతుంది. అలా కొన్ని రోజులు ఆడండి. తర్వాత ఆ టేపు తీసేసి హ్యాండిల్ దగ్గర ఇంకో ఓవర్‌గ్రిప్ చుట్టి ఆడండి. షాఫ్ట్ అదే, తీగ అదే, కొద్ది గ్రాముల బరువు తప్ప మారింది బ్యాలెన్సే కాబట్టి జవాబు శుభ్రంగా దొరుకుతుంది. రెండోసారి గ్రిప్ లావవుతుంది, అది మనసులో పెట్టుకోండి. బరువు సర్దుకోవడానికి ఇలా అంటించుకోవడం ఆట నియమాల ప్రకారం కూడా ఒప్పే.

ఇవన్నీ అయ్యాక ఒక్కో బ్యాట్‌తో పూర్తి మ్యాచ్ ఆడండి. ఆట అవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, నాలుగు మాటలు రాసిపెట్టుకోండి. మర్నాడు పొద్దున లేచాక ఇంకో మాట చేర్చండి: మోచెయ్యి ఎలా ఉంది, భుజం ఎలా ఉంది. బిగువు గట్టింగ్, స్టిఫ్ షాఫ్ట్, మధ్యలో తగలని దెబ్బలు, ఈ మూడూ కలిస్తే మోచేతి బయటి వైపు నొప్పి మొదలవుతుంది. అప్పుడు ముందు ఆట ఆపండి, తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు టెన్షన్ రెండు పౌండ్లు దించండి. అలాగని భుజం నొప్పి ఉన్నవాళ్లంతా 72 గ్రాముల బ్యాట్లకి పరిగెత్తడం కూడా మంచిది కాదు. మరీ తేలికదానితో క్లియర్ వెనకదాకా వెళ్లాలంటే ఊపు పెంచాలి, ఆ భారం మళ్లీ భుజానికే.

కొత్తగా ఆడేవాళ్లు 4యూ, మీడియం షాఫ్ట్, ఈవెన్ బ్యాలెన్స్ దగ్గర మొదలుపెడితే చాలు, 22 నుంచి 24 పౌండ్ల గట్టింగ్‌తో. వాళ్ల ఊపు ఇంకా కుదురుకోలేదు కాబట్టి ఇంత పోలిక ఇప్పుడే అక్కర్లేదు.

రెండు బ్యాట్లూ మీ పుస్తకంలో సమానంగా వస్తే, ఊళ్లో మళ్లీ దొరికేది తీసుకోండి. డబుల్స్‌లో పార్టనర్ బ్యాట్‌కి తగిలి ఫ్రేము చిట్లడం మామూలే. కుదిరితే అదే బరువు తూగేది ఇంకొకటి కొని, రెండిటికీ ఒకే గట్టింగ్ వేయించి సంచిలో ఉంచుకోండి. దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ చిన్న కాటా వెంట తీసుకెళ్లండి, ఉన్నవాటిలో తూకం కుదిరినదాన్ని ఏరుకోవచ్చు.