ఇంటి తోటలో కొత్త గులాబీ – 4వ పాఠం: రాలిన కాయలు, నిలిచిన కాయలు

ఒక గులాబీ పుప్పొడిని ఇంకో గులాబీకి అద్ది, అంటే సంకరం చేసి, ఆ గింజల నుంచి కొత్త రకం తీయడమే ఈ పాఠాల పని. ఈ పాఠంలో కాయ కోయడం, గింజ తీయడం, చలిలో పెట్టడం ఇంతవరకే చెప్పాలనుకున్నాను. కానీ మూడో పాఠం చూసి పుప్పొడి అద్దినవాళ్ళ నుంచి వస్తున్న కబుర్లలో సగానికి పైగా ఒకటే మాట: "కాయ నిలబడ్లేదన్నా." సరే, ముందు రాలిపోయినవాటి సంగతి తేల్చుకుని, తర్వాత నిలిచినవాటి దగ్గరికి వద్దాం.

అద్దిన రెండు మూడు వారాల్లో తొడిమ పసుపెక్కి, ముట్టుకుంటే ఊడి చేతికొస్తే ఆ సంకరం పట్టలేదని అర్థం. నెల దాటినా తొడిమ పచ్చగా ఉండి, బుడిపె లావెక్కుతుంటే పట్టినట్టే. ఎటూ తేలని కాయను రోజుకు రెండుసార్లు వేలితో కదిపి చూడకండి. అలా కదిపి ఊడగొట్టి, "రాలిపోయింది సార్" అని రాసినవాళ్ళూ ఉన్నారు.

రాలడానికి మొదటి కారణం కవర్. తాడిపత్రి నుంచి ఒకమ్మ ఫోటో పంపారు. రేకులు, కేసరాలు (పుప్పొడి పుట్టే పోగులు) చక్కగా తీశారు. కీలాగ్రం (పువ్వు నడుమ పుప్పొడి అంటుకునే కొన) మీద పుప్పొడి పసుపుగా కనిపిస్తోంది. పనిలో వంక పెట్టడానికేమీ లేదు. దాని మీద పాలిథీన్ కవర్ తొడిగి రబ్బరు బ్యాండు వేశారు, లోపలంతా నీటి బొట్లు. మన ఎండకు అది ఇడ్లీ పాత్రే, లోపలున్నది ఉడికిపోతుంది. బటర్ పేపరు గానీ, పాత నోటుబుక్కు కాగితం గానీ పొట్లంలా చుట్టి స్టేప్లర్ పిన్ను కొట్టండి. మూడు రోజులు చాలు, కీలాగ్రం గోధుమ రంగుకు తిరిగి ఎండాక తీసేయొచ్చు. నేనైతే అదీ వేయను. రేకుల్లేని పువ్వు మీద తేనెటీగ వాలడం అరుదు. ఒక్క సంకరాన్ని పక్కాగా నిరూపించుకోవాల్సి వచ్చినప్పుడే కాగితం చుడతాను.

రెండో కారణం అద్దిన నెల. హిందూపురం వాళ్ళకు కాయలు బాగానే నిలిచాయి, కడప వాళ్ళకు నిలవలేదు. తేడా చేతుల్లో లేదు, ఎత్తులో ఉంది. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది, కడప 150 మీటర్లు కూడా లేదు. పగటి వేడి 30 డిగ్రీలు దాటేకొద్దీ పుప్పొడి సత్తువ తగ్గుతుంది, కీలాగ్రం మీద జిగురు కూడా త్వరగా ఆరిపోతుంది. ఇంగ్లండు పుస్తకాల్లో మే, జూన్ నెలల్లో అద్దమని ఉంటుంది. ఆ మే వాళ్ళది, మనది కాదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, మన సీమలో పుప్పొడి అద్దే కాలం దానికంటే ముందే అయిపోతుంది. కార్తీకంలో మొదలుపెట్టి సంక్రాంతికి ఆపేయండి. ఫిబ్రవరి రెండో వారంలో అద్దినవాళ్ళు తమ చేతిని తిట్టుకోనక్కర్లేదు.

ఈ వేడి గొడవ మనకొక్కరికే కాదు. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసి, కొడైకెనాల్‌లో స్థిరపడి గులాబీ సంకరాలు చేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఎంచుకున్న దారి గమనించండి. చలి దేశాల్లో తయారైన రకాలను ఇక్కడికి తెచ్చి బతిమాలే బదులు, మణిపూర్ కొండల్లో దొరికే రోసా జైగాంటియా, నీటి ఒడ్డున పెరిగే రోసా క్లైనోఫిల్లా అనే మన అడవి గులాబీలను సంకరాల్లోకి తీసుకొచ్చారు. అవి మన నర్సరీల్లో దొరకవు. కానీ ఆ ఆలోచన దొరుకుతుంది: మీ పెరట్లో మే నెలలో కూడా ఆకు నిలుపుకున్న మొక్క ఏదో అదే మీ పెట్టుబడి, పువ్వు మామూలుగా ఉన్నా సరే.

మూడో కారణం తల్లి మొక్క, అంటే పుప్పొడి అద్దించుకుని కాయ మోసేది; పుప్పొడి ఇచ్చేది తండ్రి. చాలామంది పువ్వు అందం చూసి తల్లిని ఎంచుకున్నారు. తల్లిలో చూడాల్సింది అందం కాదు, కాయ మోసే గుణం. అందాన్ని తండ్రి వైపు నుంచి తెచ్చుకోవచ్చు. వాడిన పువ్వుల్ని కత్తిరించకుండా వదిలేస్తే దానంతటదే కాయ కట్టే మొక్కను తల్లిగా పెట్టుకోండి. ఏళ్ళ తరబడి ఒక్క కాయ కూడా కట్టని మొక్క మీద ఎంత పుప్పొడి రుద్దినా దండగే. అయితే కాయ కట్టని మొక్క తండ్రిగా పనికిరావచ్చు, దాన్ని పీకేయకండి.

ఇంకో చిక్కు క్రోమోజోముల (కణంలో వంశ గుణాలు మోసే పోగుల) లెక్క. గులాబీలకు మూల సంఖ్య 7, అంటే ఏడేసి చొప్పున లెక్క. మనం కొనే హైబ్రిడ్ టీ, ఫ్లోరిబండా రకాల్లో ఎక్కువ వాటికి 28 ఉంటాయి. చైనా గులాబీకి, గుత్తులుగా చిన్న పూలు పూసే కొన్ని రకాలకు 14. ఈ రెంటినీ కలిపితే బిడ్డకు ఒక్కోదాని నుంచి సగం, 14, 7 కలిసి 21 వస్తాయి. ఆ బిడ్డ చక్కగా పూస్తుంది గానీ, దాని పుప్పొడి, దాని కాయ రెండూ అంతంతమాత్రమే. అమ్ముకోవడానికైతే పర్వాలేదు, అంటు కడితే చాలు. దాని మీద మరో సంకరం కట్టాలనుకుంటే మాత్రం దారి అక్కడే ఆగిపోతుంది.

పూల కొట్లో డచ్ రోజా కొని దాని పుప్పొడి వాడిన ముగ్గురికీ కాయ నిలవలేదు. అది పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ కప్పు కింద పెంచే పువ్వు; దాన్ని మొగ్గ దశలోనే కోసి, చలి గదుల్లో పెట్టి, లారీల్లో పంపుతారు. దండిగా రేకులుండే రకాల్లో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి, పుప్పొడి తిత్తులు వెతుక్కోవాలి. దొరికినా ఒక సంగతి: పాలీహౌస్ కోసం చేసే రకంలో కాడ పొడవు, జాడీలో ఎన్ని రోజులు నిలుస్తుంది, చదరపు మీటరుకు ఎన్ని పూలు అన్నవే చూస్తారు. నల్ల మచ్చ తెగులు అక్కడ పెద్ద సమస్య కాదు, ఆకు మీద వాన పడదు కాబట్టి. ఆ బిడ్డలు మీ ఆరుబయట తోటలో మొదటి వానకే ఆకు రాలుస్తాయి. పాలీహౌస్ రకం కావాలనుకునేవాళ్ళు పాలీహౌస్‌లోనే ఏరుకోవాలి.

"రిజిస్టరైన రకం పుప్పొడి వాడొచ్చా?" అని ఒకాయన టెన్షన్ పడుతున్నారు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం కొత్త రకం తయారీకి వాడుకోనిస్తుంది. పదే పదే అదే రకాన్ని తల్లిదండ్రిగా వాడుతూ వ్యాపారం చేయాలంటేనే అనుమతి కావాలి.

ఇక నిలిచిన కాయలు. డిసెంబరులో అద్దినవి ఏప్రిల్ ప్రాంతంలో రంగు తిరుగుతుంటాయి. మూడున్నర నుంచి నాలుగు నెలలు పడుతుంది. నారింజ, ఎరుపు, పసుపు ఏదైనా కావచ్చు, కొన్ని రకాలు పచ్చగానే ఉండి కొద్దిగా మెత్తబడతాయి. ముడతలు పడేదాకా ఆగకండి. కోసి, చాకుతో చుట్టూ గాటు పెట్టి తిప్పితే రెండు చెక్కలవుతుంది. లోపలి సన్నని నూగు చేతికి తగిలితే దురద. గింజలు రెండో మూడో ఉండొచ్చు, ముప్పై ఉండొచ్చు. నీళ్ళలో రుద్ది గుజ్జంతా పోగొట్టండి.

ఇక్కడ ఆగండి. ఇక్కడే అందరూ నా ప్రాణం తీస్తున్నారు.

గింజ ఎండబెట్టకండి. మనది వేరుశనగ నేల. గింజ చేతికి రాగానే మిద్దె మీద పరిచి, పళ్ళ కింద పటపటలాడేదాకా ఎండబెట్టి దాచడం మనకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. మిరపకు అదే, గోంగూరకు అదే. గులాబీకి కాదు. గులాబీ గింజ పైపెంకు గట్టిది. గుజ్జులోనూ గింజలోనూ మొలకను ఆపే అబ్సిసిక్ ఆమ్లం ఉంటుంది. తడి, చలి రెండూ కలిసి కొన్ని వారాలు పనిచేస్తేనే ఆ పట్టు సడలుతుంది. ఎండబెడితే పెంకు ఇంకా బిగుసుకుంటుంది, మొలక ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు రాదు.

"ఎండలో పెట్టలేదు సార్, ఫ్యాను కింద పెట్టాను." అదీ ఎండబెట్టడమే. "న్యూస్ పేపరు మీద ఒక్క రాత్రి." అదీ ఎండబెట్టడమే. "ఆరబెట్టి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను, చలి తగులుతోంది కదా?" పొడి చలి గింజను దాస్తుంది, లేపదు. "డీప్ ఫ్రీజర్‌లో పెడితే చలి ఎక్కువ కదా?" తడి గింజలో నీళ్ళు గడ్డకడితే గింజ చస్తుంది. కావాల్సింది 4 డిగ్రీల ప్రాంతం, అంటే కింద కూరగాయల అర. కడిగిన తడి ఆరకముందే, పిండేసిన టిష్యూ పేపరులో చుట్టి జిప్ కవర్లో వేసి అక్కడ పెట్టండి. టిష్యూ పిండితే చుక్క రాలకూడదు, ముట్టుకుంటే చల్లగా తగలాలి. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో సమానంగా నీళ్ళు కలిపి, చుట్టే ముందు గింజల్ని కాసేపు ముంచితే బూజు తక్కువ. రెండు మూడు గంటలు కరెంటు పోతే కంగారు పడకండి, ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే చాలు.

నీళ్ళలో తేలిన గింజల్ని పారేయమని కొందరు చెబుతారు. నేను పారేయను. తేలినవీ కొన్ని మొలుస్తాయి.

ఇప్పుడు క్యాలెండరు. ఏప్రిల్‌లో కోసి ఆరేడు వారాలు చలిలో పెడితే జూన్‌లో విత్తాలి. అనంతపురం జూన్ వేడికి ఆ నారు నిలవదు, గులాబీ గింజ మొలవడానికి 15 నుంచి 20 డిగ్రీలు హాయి. అందుకే నా అడ్డదారి: కాయల్ని కోసి, చీల్చకుండా అలాగే కవర్లో వేసి ఆగస్టు దాకా ఫ్రిజ్‌లో ఉంచుతాను. వారానికోసారి చూసి, మెత్తబడినదాన్నీ బూజు పట్టినదాన్నీ వెంటనే చీల్చి గింజ తీస్తాను. మిగతావి ఆగస్టు చివర్లో ఒలిచి టిష్యూలో చుడితే దసరా దాటాక విత్తడానికి సిద్ధం. టిష్యూలోనే తెల్లగా మొలక కనిపిస్తే దాన్ని అప్పుడే కుండీలో పెట్టేయాలి.

పదిలో మూడు మొలిచినా సంతోషించండి. ఎర్రదాన్నీ తెల్లదాన్నీ కలిపాం కాబట్టి అన్నీ గులాబీ రంగులో వస్తాయనుకోవద్దు. ఒకే కాయలోని ఏ రెండు గింజలూ ఒకే మొక్క కావు. అందుకే గింజ కంటే చీటీ ముఖ్యం. తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, అద్దిన తేదీ. స్కెచ్ పెన్ను మన ఎండకు వెలిసిపోతుంది, పెన్సిల్‌తో రాయండి. ఫ్రాన్స్‌లో ఫ్రాన్సిస్ మెయాన్ 1935లో చేసిన సంకరాల్లోంచి వచ్చిన ఒక నారు మొక్క చాలాకాలం 3-35-40 అనే అంకెతోనే బతికింది. 1945లో దానికి 'పీస్' అని పేరు పెట్టారు. అంకె పోయి ఉంటే దాని పుట్టుక ఎవరికీ తెలిసేది కాదు.

అభ్యాసం ఈసారి కొంచెం బరువే. ఒకే సంకరం నుంచి కనీసం 20 గింజలున్నవాళ్ళు వాటిని రెండు వాటాలు చేయండి. ఒకటి 6 వారాలు, ఇంకొకటి 10 వారాలు తడి చలిలో ఉండాలి. రెండూ ఒకే రోజున విత్తేలా వెనక్కి లెక్కేసుకుని చలిలో పెట్టండి. విత్తిన రోజు నుంచి జనవరి చివరిదాకా, ప్రతి ఉదయం మొలిచినవెన్నో రెండు వరుసల్లో రాయాలి. ఏమీ మొలవని రోజు సున్నా వేయాలి, ఖాళీ వదలకూడదు. కాయ నిలవనివాళ్ళు పెరట్లో ప్రతి మొక్క మీదా రెండు వాడిన పూలను కత్తిరించకుండా వదిలి, ఏది కాయ కట్టిందో కార్తీకం లోపల నాకు రాయండి. ఐదో పాఠం ట్రే, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), నారు కుళ్ళు గురించి.