పండగ సెట్లు అమ్మకానికి పెట్టే ముందు: ఓణీ అంచున తెల్ల గీత రాకుండా జాగ్రత్తలు

దసరాకి సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ త్రీడీ లోకంలో, అక్కడ మన తరఫున తిరిగే బొమ్మలకి (అవతార్లకి) తొడిగే లంగా ఓణీ సెట్లు అమ్మిన చిత్తూరు అమ్మాయి ఒకరు ఇప్పుడు వరసగా డబ్బులు వెనక్కి ఇస్తున్నారు. మెరూన్ రంగు వల ఓణీ, దాని మీద శ్రీకాళహస్తి కలంకారీ తరహా నెమళ్లు. గీసిన చెయ్యి చాలా మంచిది. కానీ ప్రతి నెమలి చుట్టూ, ఓణీ అంచు పొడవునా, సన్నటి తెల్ల గీత. కొత్త ఓణీకి పోగులు లేచిపోయాయేంటని కొన్నవాళ్లు అడుగుతున్నారు. దీపావళికి తిరుపతి, చిత్తూరు పిల్లలు ఇంకా కొందరు ఇలాంటి సెట్లే తయారు చేస్తున్నారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

టెంప్లేట్ ఎక్కడ దొరుకుతుంది, లేయర్లు ఎలా పేర్చాలి అన్నవి మీకు తెలుసు, వాటి జోలికి పోను. నేను చూసినంతలో మంచి మంచి పనుల్ని ముంచింది ఒకే ఒక్క పొరపాటు: బట్ట ఉండకూడని చోటును ఎరేజర్‌తో చెరిపెయ్యడం.

చెరిపాక కంటికి అక్కడ ఏమీ ఉండదు. ఫైల్‌లో మాత్రం ప్రతి పిక్సెల్‌కీ నాలుగు అంకెలుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నాలుగోది ఆల్ఫా. ఆల్ఫా సున్నా అయితే పిక్సెల్ కనపడదు, అంతే. దానికి ఏదో ఒక రంగు ఉండే తీరుతుంది, చెరిపిన చోట ఆ రంగు చాలాసార్లు తెలుపుగా సేవ్ అవుతుంది. అవతార్ కాస్త దూరంలో నిలబడితే గ్రాఫిక్స్ కార్డు పక్కపక్క పిక్సెళ్లను కలిపి సగటు తీస్తుంది. మెరూన్ పిక్సెల్ పక్కన కనపడని తెలుపు ఉందనుకోండి, రెండూ కలిసి లేత గులాబీ అవుతుంది, సగం పారదర్శకంగా అంచు మీద తేలుతుంది. దూరం పెరిగేకొద్దీ గీత ఇంకా లావుగా కనిపిస్తుంది. కలంకారీ బొమ్మకి చుట్టూ నల్ల గీత ఉంటుంది కదా, దాని పక్కన ఈ తెలుపు మరీ కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

కాబట్టి చెరపకండి. రంగు ఉండనివ్వండి, ఆల్ఫాలో మాత్రమే ఖాళీ చెయ్యండి.

పద్ధతి ఇదీ. ఓణీ లేయర్ కింద ఇంకో లేయర్ వేసి కాన్వాస్ మొత్తం అదే మెరూన్‌తో నింపండి. అంచున జరీ ఉంటే, దర్జీ కుట్టు లోపల కొంత గుడ్డ వదిలినట్టు, జరీ రంగును గీత దాటించి బయటికి లాగండి. 1024 పిక్సెళ్ల టెక్స్చర్‌కి (బట్ట మీద అంటించే బొమ్మ ఫైల్‌కి) కనీసం 16 పిక్సెళ్లు లాగాలి. అప్పుడు బొమ్మ నాలుగుసార్లు సగానికి సగం కుదించుకుపోయినా అంచుకి సొంత రంగే దొరుకుతుంది. ఆ తర్వాత ఆల్ఫా ఛానల్‌లో ఆకారం గియ్యండి: తెలుపు గీస్తే బట్ట, నలుపు గీస్తే ఖాళీ, బూడిద రంగు గీస్తే వల లాంటి పల్చని చోటు. ఫోటోషాప్ వాడేవాళ్లు ఆల్ఫా కూడా పట్టే 32 బిట్ టార్గా (.tga) ఫైల్‌గా సేవ్ చెయ్యండి, ఆల్ఫా ఛానల్ ఒక్కటే ఉండాలి. గింప్ అయితే లేయర్లన్నీ ఒకటి చేసి లేయర్ మాస్క్‌తో ఖాళీలు గియ్యండి. పీఎన్‌జీగా ఎగుమతి చేసేటప్పుడు పారదర్శక పిక్సెళ్ల రంగుల్ని సేవ్ చేసే ఆప్షన్‌కి టిక్ పెట్టండి. ఆ టిక్ మరిచిపోతే పైన పడ్డ కష్టమంతా వృథా.

జాకెట్, లంగా సంగతి

వీటికి పారదర్శకత అక్కర్లేదు, ఆల్ఫా లేని 24 బిట్‌లోనే సేవ్ చెయ్యండి. ఖాళీ ఒక్కటి కూడా లేని జాకెట్‌ని 32 బిట్‌లో పెడితే, దాని మీద పల్చని ఓణీ పడినప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నది కంప్యూటర్ తేల్చుకోలేదు. కెమెరా ఒక పక్కకి తిప్పగానే జాకెట్ మాయం. జనరల్ రేటింగ్ ఉన్న ప్రాంతాల్లో నగ్నత్వం నిషేధం, అక్కడ ఇలా జరిగితే తల దించుకోవాల్సింది మీ సెట్ వేసుకున్న మనిషి. వల కాకుండా పూర్తి రంధ్రాల కట్‌వర్క్ అయితే సగం పారదర్శకతను కూడా చూపించే ఆల్ఫా బ్లెండింగ్ వద్దు, ప్రతి పిక్సెల్‌నీ ఉంటే పూర్తిగా, లేకపోతే అస్సలు లేనట్టు చూపించే మాస్కింగ్ పెట్టండి.

పరీక్ష

అప్‌లోడ్ చేశాక చూద్దాం అనుకోవద్దు. వ్యూయర్‌లో (సెకండ్ లైఫ్ నడిపే ప్రోగ్రాంలో) మీ కంప్యూటర్‌లోని ఫైల్‌నే లోకల్ టెక్స్చర్‌గా పెట్టుకుంటే పైసా ఖర్చుండదు, మీకు తప్ప ఎవరికీ కనపడదు. తెల్ల గోడ ముందు చూస్తే తెల్ల గీత దొరకదు. నల్ల నేపథ్యం పెట్టండి. చామనఛాయ ఒంటి మీద చూడండి. పాలరంగు అవతార్ మీద మాత్రమే చూసి బాగుందనుకుని పెట్టడం వల్లే సగం సెట్లు పాడవుతున్నాయి. మన చీరలు కొనేవాళ్లలో తమ రంగే అవతార్‌కీ పెట్టుకునేవాళ్లూ ఉంటారు. కెమెరాని బాగా వెనక్కి జరిపి ఇంకోసారి చూడండి. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే ఆల్ఫా బ్లెండింగ్‌లో ఉన్నవి ఎర్రగా వెలుగుతాయి. జాకెట్ ఎర్రబడితే ఆగండి.

ఇంకా:

ఎరేజర్ ముట్టుకోవద్దు. మళ్లీ చెబుతున్నాను, ముట్టుకోవద్దు.

మ్యాజిక్ వాండ్‌తో ఎంచి డిలీట్ కొట్టినా అదే చెరపడం.

జేపీజీ వద్దు, దాంట్లో ఆల్ఫాయే ఉండదు.

కొలతలు 512 గానీ 1024 గానీ.

వెంకటగిరి చీర పల్చన కదా అని చీరంతా బూడిద ఆల్ఫా పులమకండి. బట్ట ఒకే పొరగా ఉన్న చోటే పల్చన చెయ్యండి, కుచ్చిళ్లు నిండుగా ఉండాలి.

లేయర్లున్న అసలు ఫైల్ మీద సేవ్ కొట్టొద్దు, వేరే పేరు పెట్టండి.

కలంకారీ కళాకారుల పని ఫొటో తీసి అడక్కుండా వాడొద్దు.

శ్రీవారి నామం, శంఖచక్రాలు లంగా మీద వద్దు.

అర్ధరాత్రి కళ్లు మూతలు పడుతుంటే అప్‌లోడ్ చెయ్యొద్దు.

ఎక్కించడానికి పది లిండెన్ డాలర్లే (సెకండ్ లైఫ్ డబ్బు) కదా అనుకోవద్దు. ఒకసారి ఎక్కించిన టెక్స్చర్ ఇక మారదు. సరిచేసి ఎక్కించినది వేరే టెక్స్చర్ అవుతుంది, కొన్నవాళ్ల దగ్గరున్న సెట్ పాత తెల్ల గీతతోనే ఉంటుంది.

ఇప్పటికే అమ్మేశారా? ముందు అమ్మకం ఆపండి. కింద రంగు నింపి, నల్ల నేపథ్యం మీద చూసి, కొత్తగా ఎక్కించండి. అమ్మకాల చిట్టా తీసి, కొన్న ప్రతి ఒక్కరికీ వాళ్లు అడగకముందే కొత్త సెట్ పంపండి. పాతది తీసెయ్యమని రెండు ముక్కలు రాసి జత చెయ్యండి.