ఆవిరి బాయిలర్‌కు రిటర్న్ పైపును కలిపే పద్ధతి

నెల్లూరు, కావలి, ఒంగోలు ఐ.టి.ఐ.లలో ఫిట్టర్ పని నేర్చుకున్నవారికి ఆవిరి అనగానే ఉప్పుడు బియ్యం మిల్లు బాయిలరే గుర్తుకు వస్తుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాలకు పనికి వెళ్ళే మనవారికి మాత్రం పాత ఇళ్ళ నేలమాళిగల్లో, గదులను వెచ్చబరిచే చిన్న ఆవిరి బాయిలర్లు ఎదురవుతాయి. అక్కడ అన్నిటికన్నా జాగ్రత్తగా చేయవలసినది రిటర్న్ కలిపే పని.

రేడియేటర్లలో చల్లబడి నీరైన ఆవిరి తిరిగి బాయిలర్‌కు చేరే దారే రిటర్న్. దీనిని నేరుగా బాయిలర్ అడుగుకు బిగించకూడదు. నేల వెంట పోయే రిటర్న్ పైపు ఎప్పుడూ నీటితో నిండి ఉండి తుప్పు పడుతుంది. దానికి చిల్లు పడితే బాయిలర్‌లోని నీరంతా కారిపోయి, కింద మంట మాత్రం మండుతూనే ఉంటుంది. ఈ ప్రమాదాన్ని నివారించడానికి హార్ట్‌ఫర్డ్ అనే బాయిలర్ బీమా సంస్థ 1919లో ప్రచారంలోకి తెచ్చిన అమరికనే హార్ట్‌ఫర్డ్ లూప్ అంటారు.

ముందుగా బాయిలర్ నుంచి వచ్చే ఆవిరిని పోగుచేసే అడ్డపైపు, అంటే ఆవిరి హెడర్ చివరి నుంచి, పీడనాన్ని సమం చేసే ఈక్వలైజర్ పైపును నిలువుగా దించి బాయిలర్ అడుగున కలపాలి. తరువాత రిటర్న్‌ను నేల నుంచి పైకి లేపి, బాయిలర్ సాధారణ నీటిమట్టానికి 2 నుంచి 4 అంగుళాల దిగువన ఈక్వలైజర్‌కు కలపాలి. తయారీదారు పుస్తకంలో వేరే కొలత ఉంటే దానినే పాటించాలి. చెరువు నీరు కలుజు మట్టానికి దిగగానే పారడం ఆగినట్లు, రిటర్న్ పగిలినా నీరు ఈ కలయిక మట్టం వరకే పోతుంది. అయితే మిగిలిన నీరు మరిగి ఆవిరైపోగలదు కనుక, నీరు తగ్గగానే మంటను ఆపే పరికరం, లో వాటర్ కటాఫ్, తప్పనిసరిగా ఉండాలి.

కలయిక దగ్గర క్లోజ్ నిపుల్ (రెండు వైపులా మరలున్న అతి పొట్టి పైపు ముక్క) మాత్రమే వాడాలి. ఈ ఒక్క ముక్క విషయంలో దయచేసి రాజీపడవద్దు. అక్కడ పొడవైన అడ్డపైపు ఉంటే, మట్టం కొంచెం తగ్గినప్పుడు అందులో చేరిన ఆవిరి చల్లని రిటర్న్ నీరు తగలగానే ఒక్కసారిగా నీరైపోతుంది, ఆ ఖాళీలోకి నీరు దూసుకొచ్చి సమ్మెటతో కొట్టినట్లు మోగుతుంది.

చదరపు అంగుళానికి 1 పౌను పీడనం నీటిని సుమారు 28 అంగుళాల ఎత్తు నిలపగలదు. అందువల్ల ఆవిరి, తిరిగివచ్చే నీరు ఒకే పైపులో నడిచే ఒంటి పైపు పద్ధతిలో బాయిలర్ నీటిమట్టం నుంచి అన్నిటికన్నా దిగువనున్న ఆవిరి పైపు వరకు కనీసం 28 అంగుళాల ఎత్తు ఉంచుతారు.

మలుపుల దగ్గర ఎల్బోలకు బదులు, ఒక నోటికి ప్లగ్ బిగించిన టీలు (T ఆకారపు పైపు ముక్కలు) వాడితే, రిటర్న్‌లో పేరుకొన్న బురదను ప్లగ్ విప్పి కడగవచ్చు.