పాత కౌంటీ కోర్టు భవనం చరిత్ర తవ్వితీయడం ఎలా?

అమెరికాలో ఏ పాత కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టుహౌస్‌కు వెళ్లినా ముందు ఈశాన్య మూల చూడండి. మనకు వాస్తు ఎలాగో, ఫ్రీమేసన్లు అనే పాత సోదర సంఘం వాళ్లకూ మూలరాయి అక్కడే పెట్టడం ఆచారం. దాని మీద సాధారణంగా కౌంటీ జడ్జి, కమిషనర్లు, ఆర్కిటెక్టు, కాంట్రాక్టరు పేర్లుంటాయి. 'ఏ.ఎల్. 5890' అని (అది ఫ్రీమేసన్ల సంవత్సర లెక్క) కనిపిస్తే అందులోంచి 4000 తీసేయండి, 1890 అవుతుంది. అది రాయి పెట్టిన ఏడాది మాత్రమే. భవనం పూర్తయిన ఏడాదిగా రాసుకోవడం చాలామంది చేసే తప్పు.

అక్షరాలు అరిగిపోయి ఉంటే టార్చిలైటును రాయికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి, నీడల్లో గీతలు తేలతాయి. సుద్దతో మాత్రం రుద్దకండి. ఇసుకరాయైతే పొడిపొడిగా రాలి, మిగిలిన అక్షరం కూడా పోతుంది.

తర్వాత కౌంటీ క్లర్కు ఆఫీసు. టెక్సస్‌లో 'కమిషనర్స్ కోర్ట్' అంటే ప్రధానంగా కౌంటీని నడిపే పాలకమండలి, మన జిల్లా పరిషత్ లాంటిది. అందుకని కేసుల రికార్డులు కాకుండా దాని మినిట్స్ పుస్తకాలు అడగండి. రాయి మీది ఏడాదికి రెండేళ్లు ముందు నుంచి మూడేళ్లు తర్వాత వరకు తిరగేయండి. బాండ్ల తీర్మానం, టెండరు, కాంట్రాక్టరుకు చెల్లింపులు, చివరగా 'భవనాన్ని స్వీకరించాం' అనే తీర్మానం. అసలు తేదీ ఆ చివరిదే.

కట్టడంలో వచ్చిన మార్పులకు అగ్నిప్రమాద బీమా కోసం ఊళ్లలోని భవనాలను గీసిన శాన్‌బోర్న్ మ్యాపులను మించినవి లేవు. స్కేలు సాధారణంగా అంగుళానికి 50 అడుగులు. గులాబీ రంగు ఇటుక, పసుపు చెక్క, నీలం రాయి. మైక్రోఫిల్మ్ నుంచి తీసిన నలుపు తెలుపు కాపీల్లో ఈ రంగులుండవు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని రంగుల స్కాన్లు వెతకండి. పాత పటం మీదే సవరణ ముక్కలు అతికించేవారు కాబట్టి, ముఖపత్రం మీది ఏడాదిని గుడ్డిగా నమ్మకండి.

టెక్సస్‌లోని డాలస్‌లో 'ఓల్డ్ రెడ్' అనే పాత కౌంటీ కోర్టు భవనం చూస్తే ఇదంతా ఎందుకో అర్థమవుతుంది. అంతకుముందున్న కోర్టు 1890లో కాలిపోతే, ఈ ఎర్ర ఇసుకరాయి భవనం 1892లో పూర్తయింది. గడియారపు గోపురాన్ని 1919లో దించేశారు. ఇప్పుడున్నది 2007లో తిరిగి కట్టింది. పూర్తయిన భవనం గోపురం లేకుండా ఉన్న ఫొటో దొరికితే అది 1919కీ 2007కీ మధ్యదే.

రికార్డులే కాలిపోయిన కౌంటీల్లో పక్క ఊరి పత్రికలు వెతకండి. టెక్సస్‌వైతే వాటిలో చాలా 'పోర్టల్ టు టెక్సస్ హిస్టరీ' అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. భవనం పేరుతో ఏమీ రాకపోతే కాంట్రాక్టరు పేరుతో వెతకండి.