అశ్వగంధకు మైకోరైజా వేసినా విథనోలైడ్లు పెరగలేదా?

మైకోరైజా అంటే మొక్కల వేళ్లతో జత కట్టి బతికే శిలీంద్రం. విథనోలైడ్లంటే అశ్వగంధకు మందు గుణాన్నిచ్చే పదార్థాలు. ఈ శిలీంద్రం వాటిని తయారు చేయదు. ఆ పని మొక్కదే. శిలీంద్రం వేరులో చేరి, తన పోగులతో దూరాన ఉన్న భాస్వరం తెచ్చిస్తుంది, బదులుగా చక్కెరలు తీసుకుంటుంది. విథనోలైడ్లకు మూలమైన చిన్న అణువుల్లో భాస్వరం ఉంటుంది. పైగా శిలీంద్రం చేరాక మొక్కలో రక్షణ సంకేతాలు మారతాయి. ఆర్టెమిసియా అన్నువా అనే మందుమొక్కలో అయితే ఆకుల మీది గ్రంథి నూగు (మందు పదార్థం తయారయ్యే సన్న వెంట్రుకలు) పెరిగి, మలేరియా మందైన ఆర్టెమిసినిన్ కూడా పెరిగింది. అయితే ఏ శిలీంద్రమైనా ఏ మొక్కకైనా ఇలాగే పనిచేస్తుందనుకోకండి.

సమస్య: మైకోరైజా వేసిన మడికీ వేయని మడికీ తేడా లేదు

నేనైతే మొదట భాస్వరం ఉన్న డీఏపీ ఎరువునే అనుమానిస్తాను. నేలలో భాస్వరం దండిగా ఉంటే మొక్క శిలీంద్రాన్ని పెద్దగా వేరులోకి రానివ్వదు. భూసార పరీక్షలో లభ్య భాస్వరం ‘అధికం’ అని వస్తే డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ ఆపేసి మాగిన పశువుల ఎరువుతో సరిపెట్టండి.

తర్వాత చూడాల్సింది విత్తనశుద్ధి. శిలీంద్రాలను చంపే కార్బెండజిమ్ మందు పట్టించిన గింజ పక్కనే మైకోరైజా వేస్తే డబ్బు దండగ. మైకోరైజా కూడా శిలీంద్రమే కదా!

వేసిన తీరూ ముఖ్యమే. బతికున్న వేరు దొరక్కపోతే ఇది పెరగదు, కాబట్టి పొలమంతా చల్లితే లాభం లేదు. గింజ కిందో, నారుమడిలోనో, లేత వేరు తగిలేచోట వేయాలి. షాపు బయట ఎండలో ఉంచిన ప్యాకెట్ కొనొద్దు.

ముందు పంట ఏమిటో కూడా గుర్తు చేసుకోండి. ఆవాలు, క్యాబేజీ, పాలకూర, తోటకూర దీనితో జత కట్టవు. నీళ్లు నిలిచిన వరి తర్వాతా నేలలో ఇది తక్కువే. మధ్యలో జొన్నో అలసందో వేస్తే మళ్లీ పెరుగుతుంది.

అసలు వేరులోకి చేరిందా లేదా అన్నది కంటికి కనిపించదు. సన్న వేళ్లు కడిగి దగ్గర్లోని వ్యవసాయ కళాశాల ల్యాబ్‌కు ఇవ్వండి. అక్కడ వేళ్లను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేసి రంగు తీసేస్తారు. తర్వాత వెనిగర్‌లో కలిపిన మామూలు పెన్ను ఇంకుతో రంగు వేస్తారు. మైక్రోస్కోప్ కింద వేరు కణాల్లో చిట్టి చెట్ల మాదిరి నీలి కొమ్మలు కనిపిస్తే చేరినట్టే.

సమస్య: వేళ్ల మీద బుడిపెలు

ఇది మైకోరైజా పని కాదు, నులిపురుగులు కావచ్చు.

సమస్య: దిగుబడి పెరిగింది, విథనోలైడ్ల శాతం తగ్గింది

వేరు ఊరితే శాతం పలచబడటం మామూలే. ఉదాహరణకు 400 కిలోల వేరులో 0.30 శాతం అంటే 1.2 కిలోలు. 500 కిలోల్లో 0.26 శాతం అంటే 1.3 కిలోలు. మొత్తం మీద నష్టం లేదు, కానీ కొనేవాళ్లు శాతం చూసే ధర కడితే ముందే మాట్లాడుకోవాలి.

శాంపిల్‌లో ఆకు, కాండం ముక్కలు కలవకుండా చూడండి. విథనోలైడ్లలో విథాఫెరిన్-ఎ ఎక్కువగా ఆకుల్లో, విథనోలైడ్-ఎ వేళ్లలో ఉంటాయి. ఏది కొలిచారో ల్యాబ్‌ను అడగకుండా, పోయినేడాది రిపోర్టుతో పోల్చి టెన్షన్ పడొద్దు.