ఏసీ గ్యాస్ పాఠాలు – 4: ఆపేసిన ఏసీలో గేజ్ ఏం చెబుతుంది?

ఈసారి సూపర్‌హీట్ (ద్రవమంతా ఆవిరయ్యాక ఆ ఆవిరి ఇంకా ఎంత వేడెక్కిందన్న లెక్క) మొదలుపెడదామనుకున్నాను. మూడో పాఠం చివర ఇచ్చిన పని చేసి మీరు పంపిన రీడింగులు చూశాక వాయిదా వేయక తప్పలేదు. ఏసీ ఆపి, రెండు గంటలాగి, గేజ్ (లోపలి గ్యాస్ ప్రెజర్ చూపే మీటర్) చూసి, ఏ ఉష్ణోగ్రతకి ఎంత ప్రెజర్ ఉండాలో చెప్పే పట్టికతో పోల్చమన్నాను కదా. చాలామంది రాసింది ఒకటే (ఆర్-32 అంటే ఏసీలో ఉండే ఒక రకం గ్యాస్, పీఎస్ఐ అంటే ప్రెజర్ కొలత): "బయట 42 డిగ్రీలుంది, ఆర్-32కి పట్టికలో 360 పీఎస్ఐ పైన ఉంది, నాకు 260 దాటట్లేదు, లీకైనట్టేనా?" ఒకరైతే మెకానిక్‌ని పిలిపించి గ్యాస్ ఎక్కించేశారు కూడా. అది చదివి బాధేసింది, ఎందుకంటే ఒక ముఖ్యమైన ముక్క చెప్పకుండా వదిలేసింది నేనే.

అవుట్‌డోర్ ఎండలో 42 దగ్గర ఉంటుంది, ఇన్‌డోర్ కాయిల్ గదిలో 29 దగ్గర ఉంటుంది. రెండూ ఒకే గొట్టానికి అతుక్కుని ఉన్నాయి. వేడిగా ఉన్న చోట ద్రవం ఆవిరవుతుంది, ఆ ఆవిరి చల్లగా ఉన్న చోటికి వెళ్ళి మళ్ళీ ద్రవమవుతుంది, అలా చివరికి ద్రవమంతా చల్లటి చోటే చేరుతుంది. కాబట్టి గేజ్ చూపేది అన్నిటికంటే చల్లటి చోటుకి సరిపోయే ప్రెజర్. ఆర్-32కి 29 డిగ్రీల దగ్గర దాదాపు 258. అంటే మీ 260 సరిగ్గానే ఉంది. థర్మామీటర్ పెట్టాల్సింది ఇన్‌డోర్ కాయిల్ మీద.

ఇక "ప్రెజర్ బాగుంది, గ్యాస్ ఫుల్‌గా ఉంది" అనే మాట. ఏళ్ళ తరబడి వింటున్నాను, దయచేసి దీన్ని వదిలేయండి. ఆగి ఉన్న ఏసీలో ప్రెజర్‌కి, గ్యాస్ బరువుకి సంబంధం లేదు. 30 డిగ్రీల దగ్గర ఆర్-32 సిలిండర్‌లో తొమ్మిది కిలోలున్నా 265 పీఎస్ఐ, ఒక్క కిలో మిగిలినా 265. లోపల కాస్త ద్రవం ఉన్నంతవరకు అంతే. వంటింటి సిలిండర్ తీసుకోండి, సగం అయిపోయాక మంట సగానికి తగ్గుతుందా? అందుకే డెలివరీ అప్పుడు తూకం వేయించుకుంటాం, 14.2 కిలోలు ఉందో లేదో చూసుకుంటాం. హోటళ్ళలో మంట ఎక్కువసేపు వాడితే సిలిండర్ మీద ఒక గీత దాకా చెమట పడుతుంది చూడండి, ద్రవం ఆ గీత దాకా ఉన్నట్టు. ఆవిరయ్యేటప్పుడు ఆ ద్రవం తన వేడిని తనే పోగొట్టుకుంటుంది. ఏసీలో కూడా సగం గ్యాస్ పోయినా ఆగి ఉన్నప్పుడు గేజ్ కదలకపోవచ్చు.

అయితే ఈ రీడింగ్ రెండు విషయాలు చెప్పగలదు. చల్లటి చోటుకి పట్టికలో ఉన్నదానికంటే బాగా తక్కువ వస్తే ద్రవం పూర్తిగా అయిపోయిందని, ఎక్కువ వస్తే లోపల గాలి చేరిందని. పట్టికలో పీఎస్ఐ గేజ్‌దా, పరమ పీడనమా (బయటి గాలి ఒత్తిడి కూడా కలిపిందా) అన్నది కూడా చూసుకోండి, తేడా 14.7.

ఏసీ నడుస్తున్నప్పుడు పట్టిక మొత్తం నాకు గుర్తుండదు. 4.4 డిగ్రీల దగ్గర, అంటే ఫారెన్‌హీట్‌లో 40 దగ్గర, ఒక్కో గ్యాస్‌కి గేజ్ చూపే ఒక్క పీఎస్ఐ అంకె గుర్తుపెట్టుకుంటాను: ఆర్-22కి 68, ఆర్-134ఎకి 35, ఆర్-410ఎకి 118, ఆర్-32కి 121. ఆర్-32 సక్షన్ (ఇన్‌డోర్ కాయిల్ నుంచి కంప్రెసర్‌కి వెళ్ళే గొట్టంలో ప్రెజర్) 103 కంటే దిగితే కాయిల్ సున్నా కిందికి పోయి మంచు కడుతుంది. గ్యాస్ తక్కువైనా, ఫిల్టర్ మూసుకుపోయినా దిగేది అదే అంకె. నేనైతే ముందు ఫిల్టర్ కడిగి, తర్వాతే గేజ్ తగిలిస్తాను.

గుప్తోష్ణం (ద్రవం ఆవిరవడానికి లాక్కునే వేడి) గురించి అడిగినవాళ్ళకి: సున్నా డిగ్రీల దగ్గర కిలోకి ఆర్-22 దాదాపు 205 కిలోజౌళ్ళు, ఆర్-32 దాదాపు 315, అమ్మోనియా 1260 దాకా లాగుతాయి. ఆర్-32 ఏసీలో తక్కువ గ్యాస్ సరిపోవడానికి ఇదొక కారణం.

ఈసారి పని కాస్త పెద్దది. ఒక సెలవు రోజంతా ఏసీ వేయకండి. గేజ్ ఉదయం ఒక్కసారే తగిలించి సాయంత్రం దాకా ఉంచండి, తీసి పెట్టిన ప్రతిసారీ కొంచెం గ్యాస్ పోతుంది. ఆర్-32కి మండే గుణం ఉంది కాబట్టి దగ్గర్లో మంట వద్దు. రెండు గంటలకోసారి ఇన్‌డోర్ కాయిల్, అవుట్‌డోర్ కాయిల్ ఉష్ణోగ్రతలు రాసుకుని, గేజ్ చూడకుండా ముందే పట్టిక నుంచి ప్రెజర్ ఊహించి రాయండి, ఆ తర్వాత చూడండి. చల్లటి చోటు ఏ గంటకి ఇన్‌డోర్ నుంచి అవుట్‌డోర్‌కి మారిందో నాకు అదే కావాలి. గేజ్ లేనివాళ్ళు ఈ లెక్క చేయండి: 1.5 టన్ను ఏసీ అంటే చల్లబరిచే సామర్థ్యం 5.27 కిలోవాట్లు. నడిచే ఏసీలో కిలో ఆర్-32 నికరంగా 230 కిలోజౌళ్ళు, ఆర్-22 అయితే 150 లాగుతుందనుకుంటే, సెకనుకి ఎన్ని గ్రాములు తిరగాలి? లోపల 800 గ్రాములుంటే మొత్తం ఒక చుట్టు తిరగడానికి ఎన్ని సెకన్లు?