రాష్ట్రం ఎల్ఎల్‌సీ చట్టాన్ని మార్చినప్పుడు యజమాని చూసుకోవలసినవి

అమెరికాలో ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత గల వ్యాపార సంస్థ) ఏ రాష్ట్రంలో ఏర్పడిందో దాని అంతర్గత వ్యవహారాలు ఆ రాష్ట్ర చట్టం ప్రకారమే నడుస్తాయి కాబట్టి, అక్కడి శాసనసభ వ్యాపార సంస్థల చట్టాన్ని సవరించినప్పుడల్లా సభ్యులు, అంటే సంస్థ యజమానులు, తమ పత్రాలను సరిచూసుకోక తప్పదు. ఇందుకు వార్తా కథనాలు చాలవు. గవర్నర్ సంతకమైన తుది పాఠాన్నే శాసనసభ వెబ్‌సైటు నుంచి తీసుకోవాలి, ఎందుకంటే సభలో ప్రవేశపెట్టిన బిల్లుకూ ఆమోదం పొందిన చట్టానికీ తేడాలుండవచ్చు.

అందులో మొదట వెతకవలసింది అమలు తేదీ. ఫ్లోరిడా సవరించిన చట్టం 2014 జనవరి 1 నుంచి కొత్త ఎల్ఎల్‌సీలకు వర్తించగా, అంతకుముందే ఉన్నవాటికి 2015 జనవరి 1 వరకు గడువు దొరికింది. టెక్సాస్ వ్యాపార సంస్థల స్మృతి విషయంలో ఈ వెసులుబాటు 2006 నుంచి 2010 ఆరంభం దాకా సాగింది.

అసలు శ్రమంతా ఆపరేటింగ్ అగ్రిమెంటు (సంస్థ నడిచే తీరుపై సభ్యులు రాసుకునే ఒప్పందం) దగ్గరే ఉంటుంది. అగ్రిమెంటు ఏమీ చెప్పని చోట చట్టంలోని నియమమే అమలవుతుంది కనుక, చట్టం మారితే మీరు ఒక్క అక్షరం మార్చకపోయినా ఒప్పందం అర్థం మారిపోవచ్చు. ఫ్లోరిడా కొత్త చట్టం 'మేనేజింగ్ మెంబర్' (సంస్థను నడిపే సభ్యుడు) అనే భావననే తొలగించింది. పాత అగ్రిమెంటులో ఆ హోదా ఉండి ఇంకే వివరమూ లేకపోతే, సంస్థను నడిపేది సభ్యులందరా, నియమిత మేనేజరా అన్న సందేహం వస్తుంది. అందుకే నిర్వహణాధికారం, లాభాల పంపిణీ, సభ్యుని నిష్క్రమణ గురించిన క్లాజులను కొత్త సెక్షన్ల పక్కన పెట్టి వరుసగా చదవాలి. ఒప్పందంతో కూడా తొలగించలేని నియమాలు కొన్ని ఉంటాయి. రాష్ట్రాలు ఒకేలా స్వీకరించేందుకు రూపొందించిన ఏకరూప నమూనా చట్టాన్ని అనుసరించిన చోట్ల సద్భావంతో, న్యాయంగా వ్యవహరించాలన్న బాధ్యత అలాంటిదే.

దాఖలు బాధ్యతలు చిన్నవే అయినా మరిచిపోతే ముప్పే. పదేళ్లకోసారి నివేదికతో సరిపెట్టిన పెన్సిల్వేనియా, 2022 నాటి 122వ చట్టంతో 2025 నుంచి ఏటా నివేదిక కోరుతోంది. ఎల్ఎల్‌సీలకు గడువు సెప్టెంబరు 30, రుసుము 7 డాలర్లు. 2027 నివేదికలతో మొదలుపెట్టి, దాఖలు చేయని సంస్థలను రద్దు చేసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

మార్పు అవసరమని తేలితే, నోటిమాటతో వదిలేయకుండా అగ్రిమెంటుకు లిఖిత సవరణ రాసి, ఆ అగ్రిమెంటులోనే నిర్దేశించిన మెజారిటీతో ఆమోదించి సంతకాలు చేయించాలి. సభ్యులు ఒకరికంటే ఎక్కువైతే ఆ ముసాయిదాను న్యాయవాదికి చూపించడం దుబారా కాదు.